దసరా తారీఖు మనకు ముందే తెలుసు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



మమ్ముల పొదుపు మీద మాట్లాడమన్నరు. పొదుపు గురించి ఇక్కడ కూచున్నోళ్ళకు కొత్తగా చెప్పేది ఏమున్నది? పంచసూత్రాలు నిద్రలో లేపి అడిగినా చెప్తరు. అందుకే మేము ఒక్క విషయమే చెప్తాము. అది పండుగ పొదుపు. కోరుట్ల దగ్గర మా ఊర్లో మా సంఘం రెండేండ్ల నుంచి చేస్తున్న పని ఇది. పెద్ద పని కాదు. కానీ దీనివల్ల రెండు దసరాలు బాకీ లేకుండ ఎల్లినయి. అందుకే చెప్పబుద్ధి అయింది.

ముందు మన పండుగల లెక్క చూద్దాము. భాదవ అమాస పెత్రమాస. పెద్దలకు బియ్యం ఇయ్యాలె. ఆ పొద్దుమూకనే ఎంగిలిపూల బతుకమ్మ. అక్కడి నుంచి సద్దుల దాకా రోజుకొక సద్ది. వేములవాడ దిక్కు ఏడో రోజే సద్దులు చేస్తరు, మన దిక్కు తొమ్మిదో రోజు. తర్వాత దసరా. దసరా ఎల్లి ఇరవై రోజులు కాకముందే దీపావళి నోములు. నోముకున్న ఇంట్లో ఆడబిడ్డలు రావాలె, చుట్టాలు రావాలె. అంటే ఒక నెల పదిహేను రోజులలో ఏడాది ఖర్చులో పెద్ద భాగం అయిపోతది.

ఇప్పుడు పైసలు ఎప్పుడు వస్తయో చూడండి. వానాకాలం వడ్లు దీపావళి అటు ఇటు కోతకు వస్తయి. మన ఐకేపీ సెంటర్ల కాంట పెట్టి, లారీ ఎక్కి, ఖాతాల పైసలు పడేసరికి కార్తీకం. పసుపు వండి, ఆరబెట్టి, మెట్‌పల్లికో నిజామాబాద్‌కో పోయేది శివరాత్రి దాటినంక. జగిత్యాల మామిడికాయ అయితే ఎండకాలం. మక్కలు పెట్టినోళ్ళకు దసరాకు నాలుగు పైసలు కనపడతయి, అవి కూడా ఎరువుల బాకీకి పోతయి. బీడీలు చేసేటోళ్ళకు చేసిన వెయ్యికే కూలి, పండుగని ఎక్కువ రాదు. గల్ఫ్‌ల ఉన్న మన ఇంటాయనలకు కూడా అంతే, ఇక్కడ బతుకమ్మ అని అక్కడి కంపెనీ రెండు జీతాలు ఇయ్యదు. ఖర్చు ఒక దిక్కు, ఆమ్దానీ ఒక దిక్కు. మధ్యల ఉన్న ఖాళీలకు అప్పు వస్తది. మనం ఖర్చు చేసుడు తెలియక అప్పుల పడుతున్నమని కొంతమంది పెద్దమనుషులు చెప్తరు. అది పూర్తి నిజం కాదు. నెలల లెక్క కుదరక పడుతున్నం.

ఆ అప్పు ఎన్ని రకాలుగా వస్తదో మీకు తెలుసు. మొదటిది గిరిగిరి. పది వేలు అని రాసుకుంటరు, వెయ్యి ముందే పట్టుకొని తొమ్మిది వేలు చేతుల పెడతరు, రోజుకు వంద చొప్పున నూరు రోజులు కట్టాలె. నూటికి పది రూపాయలే కదా అనిపిస్తది. కానీ రెండో రోజు నుంచే అసలు తిరిగి కడుతున్నం. సగటున మన దగ్గర ఉండేది నాలుగున్నర వేలే. దాని మీద మూడు నెలల పది రోజులకు వెయ్యి రూపాయలు. లెక్క కడితే నెలకు నూటికి ఆరు రూపాయల పైన మిత్తి. ఊర్లో సేటు ఎవరన్నా ఆరు రూపాయల మిత్తి అంటే మనం వాని గడప తొక్కుతమా?

రెండోది ఫైనాన్స్ గ్రూపులు. 2010లో ఏమైందో మన అమ్మలు, అత్తలు మర్చిపోలేదు. ఒక్కొక్క ఇంటికి నాలుగైదు కంపెనీల అప్పు, వాకిట్ల కూచొని వసూలు. ఆ అక్టోబర్‌లనే అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, 2011లో అది చట్టం అయింది. ఆ తర్వాత కొన్నేండ్లు ఊర్లల్ల వాళ్ళ మోటార్ సైకిళ్ళు కనపడలేదు. ఇప్పుడు మళ్ళీ కనపడుతున్నయి. 2022లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధన ఏమంటదంటే, ఏడాదికి మూడు లక్షల లోపు ఆమ్దానీ ఉన్న ఇంటికి అప్పు ఇచ్చేటప్పుడు, ఆ ఇంటి కిస్తీలన్నీ కలిపి నెల ఆమ్దానీల సగం దాటొద్దు. మంచి మాటే. కానీ సగం కిస్తీకే పోతే మిగిలిన సగంతో ఇల్లు ఎట్ల నడుస్తదో ఆ నిబంధన రాసినోళ్ళు కూడా ఒకసారి బీడీలు చేసి చూడాలె.

మూడోది కొత్తది. క్రెడిట్ కార్డు. ఇది పట్నపోళ్ళ ముచ్చట అనుకుంటిమి. కాదు. మన పిల్లలు హైదరాబాద్‌ల నౌకరీ చేస్తున్నరు, వాళ్ళకు కార్డు ఉన్నది. కోరుట్ల, జగిత్యాల బట్టల దుకాణాల్ల, ఫోన్ల దుకాణాల్ల కౌంటర్ మీద మిషన్ ఉన్నది. ఫోన్లనే ఓకే కొడితే ఇరవై వేలు పడే యాప్‌లు ఉన్నయి. దసరాకు వారం ముందు నుంచి ఆఫర్లు.

మా సంఘంలో ఒక సభ్యురాలి ఇంట్ల జరిగింది చెప్తాము. ఆమె ఒప్పుకున్నంకనే చెప్తున్నం, పేరు మాత్రం చెప్పము. 2023 దసరాకు కొడుకు ఇంటికి వచ్చిండు. అమ్మకు చీర, నాయనకు ఫోన్, చెల్లెకు బట్టలు, ఇంటికి కూలర్ బదులు వాషింగ్ మిషన్. పిలగానికి ప్రేమ ఉన్నది, కార్డు ఉన్నది. అన్నీ కలిపి ఇరవై వేలు. బిల్లు వచ్చింది. బిల్లు మీద రెండు అంకెలు ఉంటయి. ఒకటి మొత్తం కట్టవలసింది, ఇంకొకటి కనీసం కట్టవలసింది. పిలగాడు కనీసం అన్న వెయ్యి రూపాయలు కట్టిండు. కట్టినం కదా అనుకున్నడు. జీతం చాలకపోతే అమ్మ ఇక్కడి నుంచి ఫోన్‌పే కొట్టింది. ఆమె పంపిన పైసలు ఏంటివో మాకు తర్వాత తెలిసింది. మా బ్యాంకు లింకేజీ కిస్తీ పైసలు. రెండు నెలలు ఆమె కిస్తీ కట్టలేదు, మీటింగ్‌కు రాలేదు. ఒక నెల జ్వరం అన్నది, ఒక నెల చెల్లె ఇంటికి పోయిన అన్నది. మిగిలిన పదకొండు మందిమి తలా ఇంత వేసి ఆమె కిస్తీ కట్టినం. ఎందుకంటే అప్పు సంఘం పేరు మీద ఉన్నది. ఒక్కరు ఆగితే పన్నెండు మందికి వచ్చే లోన్ ఆగుతది. ఇది మీ అందరికి ఎరుకే.

సంక్రాంతి ముందల ఆమె ఇంటికి పోయినం. కొట్లాటకు కాదు. బిల్లు చూపియ్యమన్నం. ఆమెకు బిల్లు చదువరాదు, మాకు పదో తరగతి దాకా వచ్చిన ఇంగ్లీష్‌తో సగమే అర్థమైంది. డిగ్రీ చదివే మా ఇంకొక సభ్యురాలి బిడ్డ ఫోన్లో బిల్లు తెరిచి, ఒక్కొక్క లైన్ తెలుగుల చెప్పింది. ఆ పొద్దు మేము నేర్చుకున్నది మీకు చెప్తున్నం, జాగ్రత్తగా వినండి.

కార్డు మిత్తి బిల్లు మీద నెలకు మూడున్నర శాతం అని ఉన్నది. శాతం అంటే మనకు గుండెకు తగలదు. మన భాషల చెప్పుకుంటే నూటికి మూడున్నర రూపాయల మిత్తి. ఇరవై వేలకు నెలకు ఏడు వందలు. ఆ మిత్తి మీద మళ్ళీ జీఎస్టీ పద్దెనిమిది శాతం, నూట ఇరవై ఆరు రూపాయలు. మొత్తం ఎనిమిది వందల ఇరవై ఆరు. పిలగాడు కట్టింది వెయ్యి. అసలులకు పోయింది నూట డెబ్బై నాలుగు రూపాయలు. ఇరవై వేల బాకీల నూట డెబ్బై నాలుగు! ఇంకొక ముచ్చట. మొత్తం బిల్లు గడువు లోపల కడితే మిత్తి ఉండదు, అది నిజమే. కానీ కొంత ఆపినమంటే, కొన్న రోజు నుంచే మిత్తి లెక్క కడతరు. ఆ తర్వాత అదే కార్డు మీద పావు కిలో చాయిపత్త కొన్నా దానికి కూడా మొదటి రోజు నుంచే మిత్తి. నలభై యాభై రోజుల మాఫీ అన్నది బాకీ మొత్తం తీరేదాకా మళ్ళీ రాదు.

"మిత్తి లేని ఈఎమ్ఐ" అని బోర్డు పెడతరు కదా. 2013లోనే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది, సున్నా మిత్తి అనేదే లేదు, ఆ మిత్తిని ఫీజు లెక్కనో, ధరలనో కలిపి తీసుకుంటున్నరు అని. దుకాణంల ఒకటే మాట అడగండి: "అన్నా, నగదు ఇస్తే ఎంతకు ఇస్తవు?" ఆ ధరకు, ఈఎమ్ఐ ధరకు ఉన్న తేడానే మిత్తి.

ఆమె విషయంలో సంఘం తీర్మానం రాసుకున్నది. అంతర్గత అప్పు ఇరవై వేలు, రూపాయి మిత్తికి ఇచ్చినం. కార్డు బాకీ ఒక్కసారి మొత్తం కట్టించినం. ఎనిమిది వందల ఇరవై ఆరు పోయే కాడ రెండు వందలు. నెలకు రెండు వేల చొప్పున కట్టింది, పదకొండు నెలలకు తీరింది. తీరిన నాడు ఆమె అన్నది, "ఈ రెండు వేలు కట్టుడు అలవాటైంది, ఇప్పుడు ఆపితే చెయ్యి ఖాళీగ అనిపిస్తది." అందరం నవ్వినం కానీ మేము చెప్పదలచుకున్న మాట అదే. పండుగ ఎల్లినంక పదకొండు నెలలు కట్టగలిగినమ్మ, పండుగ రాకముందు పదకొండు నెలలు కట్టలేదా? చెయ్యి అదే, పైసలు అవే, నెలలు అవే. ముందు కడితే మిత్తి మనకు మిగులుతది. జ్వరం ఎప్పుడు వస్తదో తెలియదు, వాన ఎప్పుడు ఎగబెడతదో తెలియదు, దానికి అప్పు తెచ్చుకుంటే అర్థమున్నది. దసరా ఎప్పుడు వస్తదో క్యాలెండర్‌ల రాసి ఉన్నది.

అట్ల 2024 సంక్రాంతి ఎల్లిన వారం నుంచి పండుగ పొదుపు మొదలుపెట్టినం. నెల నెల కట్టే సంఘం పొదుపును ముట్టలేదు. అది వేరే, దాని మీద మన లింకేజీ ఆధారపడి ఉన్నది. ఇది వేరే పుస్తకం, వేరే పేజీ. వారం వారం మీటింగ్‌ల వసూలు చేసి, తెల్లారి సంఘం ఖాతాల వేస్తము. ఇంట్ల డబ్బాల పెట్టవద్దని మొదటి రోజే అనుకున్నం. డబ్బాల పైసలు ఉన్న సంగతి ఇంటాయనకు తెలుస్తది, పిల్లలకు తెలుస్తది, ఆఖరికి చుట్టాలకు కూడా తెలుస్తది.

ఎంత కట్టాలె అన్నదానికి ముందు, ఎంత కావాలె అని రాసుకున్నం. ఈ పని ఎవ్వరం ఎప్పుడు చేయలేదు. ఒక ఇంటి లెక్క చదువుతాము. బట్టలకు ఆరు వేలు. బిడ్డ అల్లునికి బట్టలు పెట్టడానికి మూడు వేలు. యాట కూరకు రెండున్నర వేలు. కిరాణా రెండు వేలు. రానుపోను ఛార్జీలు ఎనిమిది వందలు. మందుకు పదిహేను వందలు. మొత్తం పదిహేను వేల ఎనిమిది వందలు. చదివినంక అందరం గమ్మున కూచున్నం. బతుకమ్మ ఈ లెక్కల ఎక్కడ ఉన్నది? తంగేడు పువ్వు చెలకల ఉన్నది, గునుగు ఒడ్డు మీద ఉన్నది, దానికి పైస ఖర్చు లేదు. సద్దులకు నువ్వులు, పల్లీలు, బెల్లం అయితయి, అవి కిరాణాల వచ్చినయి. బతుకమ్మ మనల్ని ఎన్నడు అప్పుల పడేయలేదు.

మందు పైసల మీద పంచాయితీ అయింది. సంఘం పొదుపుల మందుకు పైసలు పెట్టేది లేదని అందరం చెయ్యి లేపినం. వాళ్ళు తాగుతరా తాగరా అది వాళ్ళ ఇష్టం, వాళ్ళ జేబు. పోయినేడు దసరా అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడే వచ్చింది. దుకాణాలు బంద్ అని ముందు రోజే క్యూ కట్టిన్రు. రేపటి మందుకు నిన్ననే ఏర్పాటు చేసుకునే తెలివి వాళ్ళకు ఉన్నప్పుడు, పండుగకు పది నెలల ముందు ఏర్పాటు చేసుకునే తెలివి మనకు ఉండొద్దా అని మా సంఘం అక్క ఒకామె అన్నది.

అందరికి ఒకే తీరు కిస్తీ పెట్టలేదు. ఇక్కడ మా దగ్గర ఎక్కువ బీడీ కార్మికులం. వెయ్యి బీడీలు అంటే ఇరవై ఐదు బీడీల కట్టలు నలభై. వెయ్యికి వచ్చే కూలిని నలభై కట్టలకు పంచితే కట్టకు ఆరు రూపాయల చిల్లర. రోజుకు రెండు కట్టలు పండుగవి అనుకున్నం. చాటల నుంచి తీసి పక్కకు పెట్టేది ఏమీ ఉండదు, కూలి వచ్చిన నాడు లెక్కల పక్కకు పెట్టుడే. కానీ నెలంతా పని దొరకదు, ఆకు తంబాకు పదిహేను ఇరవై రోజులకే ఇస్తరు. అట్ల చూసినా పదకొండు నెలలల్ల రెండు వందల రోజులు. రోజుకు పన్నెండు రూపాయలు అంటే రెండు వేల నాలుగు వందలు. పిల్లల బట్టలకు అయితయి. బీడీ పింఛన్ వచ్చే అక్కలు అండ్ల నుంచి నెలకు రెండు వందలు కడతరు. పొలం ఉన్నోళ్ళు వారం వారం కట్టలేమన్నరు, నిజమే, వాళ్ళు యాసంగి వడ్ల పైసలు పడ్డప్పుడు ఒక్కసారి రెండు వేలు వేస్తరు. ఇంటాయన గల్ఫ్‌ల ఉన్న చెల్లె, పైసలు పంపిన రోజే ఐదు వందలు. వేరే రోజైతే ఆ పైసలు ఉండవని ఆమెనే చెప్పింది.

మా సంఘంలో ఇద్దరు సిరిసిల్ల నుంచి కోడండ్లుగా వచ్చినోళ్ళు ఉన్నరు. వాళ్ళ అక్కచెల్లెండ్లు అక్కడ కండెలు చుడతరు, బీడీలు చేస్తరు, ఇంటాయనలు మరమగ్గాల మీద పని. ఈ ముచ్చట విని అక్కడ కూడా మొదలుపెట్టిన్రు. అక్కడి లెక్క వేరే. వారం కూలి. ఆర్డర్ ఉన్నన్ని రోజులు మగ్గం రాత్రి పగలు నడుస్తది, లేకుంటే సాంచెలు మూగబోతయి. 2017 నుంచి కొన్నేండ్లు బతుకమ్మ చీరల ఆర్డర్ ఉండె. 2025ల మన సంఘాల సభ్యులకు పంచిన ఇందిరా మహిళా శక్తి చీరలు కూడా అక్కడ నేసినయే. మనం కట్టుకున్న చీర నేసిన ఇంట్ల పండుగకు అప్పు ఉండకూడదు కదా. వాళ్ళు పెట్టుకున్న పద్ధతి మాకు నచ్చింది. మగ్గం నడిచిన వారం రెండు వందలు, నడవని వారం పైస లేదు, జరిమానా లేదు. నేత కార్మికులకు 2017లో వచ్చిన పొదుపు పథకం ఒకటి ఉన్నది కదా, కూలిల నుంచి నూటికి ఎనిమిది రూపాయలు పట్టుకొని సర్కారు కూడా కలిపేది. అది మంచిదే కానీ ఏండ్ల గడువు ఉన్న పైసలు, దసరాకు చేతికి రావు. రెండు వేర్వేరు అవసరాలు.

ఇప్పుడు అసలు కొట్లాట చెప్తాము. మొదటి ఏడు ఎండకాలం వచ్చేసరికి పండుగ ఖాతాల పదమూడు వేల చిల్లర జమ అయింది. అప్పటికే బిడ్డల ఫీజులు, విత్తనాల ఖర్చు. సగం మంది అన్నరు, పైసలు బ్యాంకుల ఊకె పడి ఉన్నయి, రూపాయి మిత్తికి మనమే తిప్పుకుందాము, మిత్తి మనకే వస్తది. సగం మంది అన్నరు, తిప్పిన పైసలు పండుగకు తిరిగి రావు, మళ్ళీ గిరిగిరి కాడికే పోతము. మూడు మీటింగ్‌లు ఇదే ముచ్చట. ఒకామె లేచి పోయింది కూడా. రెండు దిక్కులా న్యాయం ఉన్నది. ఆఖరికి ఏం రాసుకున్నమంటే, జమ అయినదాంట్ల సగమే ఇయ్యాలె, ఆషాఢం ఎల్లేలోపు తిరిగి రావాలె, రానోళ్ళకు పండుగ వాటా ఆ బాకీ పట్టుకొనే ఇయ్యాలె. ఆషాఢం తర్వాత ఒక్క రూపాయి కూడా కదలదు. ఈ తీర్మానం మీద పన్నెండు సంతకాలు ఉన్నయి. రెండేండ్లల ఒక్కరి వాటా కూడా పట్టుకోవలసి రాలేదు. కానీ నియమం లేకుంటే ఏమయ్యేదో మాత్రం చెప్పలేము.

పెత్రమాసకు పది రోజుల ముందు పైసలు తీస్తము. అందరికీ నగదు పంచకముందు ఏం కలిసి కొనవచ్చో చూస్తము. మంచి నూనె డబ్బాలు, బెల్లం, పల్లీలు, చక్కెర జగిత్యాల హోల్‌సేల్‌ల తెచ్చి పంచుకుంటము. ఒక ఆటో కిరాయి పన్నెండు ఇండ్ల మీద పడ్డది. యాట కూరకు ఎనిమిది ఇండ్లోళ్ళం కలిసి శ్రావణంలనే గొర్రెపోతును మాట్లాడిపెట్టుకున్నం. దసరా నాడు ధర పెరిగినా మాకు పెరగలేదు. పోగులు వేసుకున్నం. పోగుల్ల ఎముకలు ఎక్కువ వచ్చినయని ఒకామె ఇప్పటికీ అంటది.

అందరికి పదిహేను వేలు జమ అయినయా అంటే కాలేదు. పండుగ ఖర్చుల సగం దాకా వచ్చినోళ్ళు ఎక్కువ. కానీ మందు పైసలు లెక్కల నుంచి తీసినం, కిరాణా తగ్గింది, చీరలు అందరికి కాకుండ ఇంట్ల ఇద్దరికి అన్నరు. మిగిలిన ఖర్చు ఆ నెల కూలితోనే ఎల్లింది. ఇద్దరికి చాలలేదు, వాళ్ళకు సంఘం నుంచి మూడు వేల చొప్పున రూపాయి మిత్తికి ఇచ్చినం. గిరిగిరి ఆయన మా గల్లీకి వచ్చి, రెండు ఇండ్ల ముందు బండి ఆపి, ఎవరు పిలవకపోతే పోయిండు. కార్డు కథ చెప్పినం కదా, ఆ పిలగాడు ఇప్పుడు కూడా కార్డు వాడతడు, కానీ బిల్లు మొత్తం కడతడు. పండుగ బట్టలు మాత్రం అమ్మ కొంటది.

ఇంకొక విషయం. పండుగ స్కీములు, చిట్టీలు. దసరా స్కీం, బంగారం స్కీం అని మన ఊర్లల్ల కార్డులు పంచుతరు. నెలకు ఇంత కట్టు, పండుగకు గిన్నెలు, వెండి, యాట పిల్ల అంటరు. పొదుపే కదా అనిపిస్తది. కానీ ఆ పైసలు ఎవరి దగ్గర ఉన్నయి, ఎవరు బాధ్యులు అని అడగాలె. చిట్టీలకు 1982 చట్టం ఉన్నది, రిజిస్ట్రేషన్ లేకుండ నడపరాదు. ఊర్ల మంచివాడే కదా అని కట్టి, రాత్రికి రాత్రి తాళం వేసుకొని పోయినోళ్ళను మనం చూడలేదా? మన సంఘం ఖాతాల ఉంటే ఇద్దరి సంతకం లేనిది పైస బయటికి రాదు, పుస్తకం ప్రతి వారం ముంగట పెడతము. నెల నెల చదివి వినిపిస్తము. చదువు రానోళ్ళకు కూడా తన పైసలు ఎన్ని ఉన్నయో నోటితో చెప్పవస్తది.

మేడారం గురించి అడుగుతరని చెప్తున్నం. రెండేండ్లకు ఒకసారి సమ్మక్క సారలమ్మ జాతర. 2024 ఫిబ్రవరిల అయింది, ఈ ఏడు జనవరి 28 నుంచి 31 దాకా అయింది. సంక్రాంతి ఎల్లిన పదిహేను రోజులకే. బండి కిరాయి, ఎత్తు బంగారం, కోళ్ళు, మేకపోతు, నాలుగు రోజుల తిండి. 2024ల మేము అప్పుడే పొదుపు మొదలుపెట్టినం కాబట్టి అది అక్కరకు రాలేదు. ఈసారి మాత్రం దసరా తర్వాత మిగిలిన దాంట్ల నుంచి, వడ్ల పైసల నుంచి జాతరకు వేరే పేజీ పెట్టినం. మళ్ళీ జాతర 2028ల. ఆ పేజీ ఇప్పుడే తెరిచి ఉన్నది. మొక్కు ఉన్నోళ్ళు నెలకు వంద కట్టుకుంటున్నరు. అమ్మవారికి బెల్లం అప్పు పైసలతో తూయవద్దని మా అత్త అంటుండె.

ఇగ ఈ ఏడు లెక్క. ఈసారి అధిక జ్యేష్ఠం వస్తున్నది. అందుకే పండుగలు ఆలస్యం. పెత్రమాస, ఎంగిలిపూలు అక్టోబర్ 10న. దసరా అక్టోబర్ 20న. పోయినేటి కంటే పద్దెనిమిది రోజులు ఎక్కువ దొరికినయి. ఏప్రిల్ 4 శనివారం నుంచి ఎంగిలిపూల శనివారం దాకా సరిగ్గా ఇరవై ఏడు వారాలు. వారానికి యాభై కట్టినా పదమూడు వందల యాభై. వంద కడితే రెండు వేల ఏడు వందలు. తక్కువే అనిపిస్తది. కానీ గిరిగిరి పది వేలకు ముందే పట్టుకునేది వెయ్యి రూపాయలు, అది గుర్తు పెట్టుకోండి.

బ్యాంకు సారు ఇక్కడ ఉన్నరు కాబట్టి ఒక మాట అడుగుతాము. పండుగ పొదుపు వేరే ఉంచుకోవడానికి సంఘం ఖాతాకు తోడుగా ఆరు నెలల ఆర్డీ తెరవడానికి మా కాగితాలు ఎన్నిసార్లు తిప్పాలె సారూ? ఒకటే రోజుల అయ్యేటట్టు చూస్తే, ఈ మండలంల ఇంకా చాలా సంఘాలు పెట్టుకుంటయి. సిరిసిల్ల అక్కలు కూడా ఇదే అడుగుమన్నరు.

మా పండుగ పొదుపు పుస్తకం నమూనా, ఆషాఢం తీర్మానం నకలు, ఇంటి ఖర్చు రాసుకునే కాగితం తెచ్చినం. ఇరవై కాపీలే ఉన్నయి. భోజనాల దగ్గర మా సంఘం రెండో లీడర్ కూచుంటది, నీలం చీర. మిగతావాళ్ళు ఫోన్ల ఫొటో తీసుకోండి. వీఓఏ అక్కలు ముందుగాల తీసుకుంటే, వచ్చే శనివారం మీ మీటింగ్‌లల్ల చదవొచ్చు.